బ్యాండ్ సా బ్లేడును మడవడం, భద్రపరచడం

బ్యాండ్ సా బ్లేడు అనేది ఒక అంచున పళ్ళు కలిగి, రెండు కొసలూ అతికించడం వలన ఎడతెగని వలయంగా ఉండే పలుచని ఉక్కు పట్టీ. బ్యాండ్ సా అనే విద్యుత్ రంపపు యంత్రంలో ఇది రెండు లేక మూడు చక్రాలపై బిగువుగా తిరుగుతూ కలపను, లోహాన్ని, ప్లాస్టిక్‌ను కోస్తుంది. యంత్రం నుండి తీసిన బ్లేడు పెద్ద వలయంగా విచ్చుకుని చాలా స్థలం ఆక్రమిస్తుంది. అందువలన దానిని మూడు చిన్న చుట్టలుగా మడిచి కట్టి భద్రపరుస్తారు. బ్లేడు స్ప్రింగు గుణం గల ఉక్కుతో తయారవుతుంది కనుక, మడిచేటప్పుడు గాని విప్పేటప్పుడు గాని పట్టు తప్పితే ఒక్కసారిగా విదిలించుకుని చేతులకు, ముఖానికి, కళ్ళకు గాయం చేయగలదు. ఈ పనికి బలం కంటే పద్ధతి ముఖ్యం.

చరిత్ర

ఎడతెగని పట్టీతో కోసే రంపానికి విలియం న్యూబెరీ 19వ శతాబ్దపు తొలి దశకంలోనే బ్రిటన్‌లో పేటెంటు పొందాడు. అయితే చక్రాలపై పదే పదే వంగినా తెగని పట్టీని తయారుచేయడం, దాని కొసలను గట్టిగా అతకడం అప్పట్లో సాధ్యం కాలేదు. 1846లో ఫ్రాన్సు దేశస్థురాలు ఆన్ పాలిన్ క్రెపిన్ కొసలను అతికే మెరుగైన విధానాన్ని రూపొందించింది. ఆ విధానాన్ని వాడుకునే హక్కును పారిస్‌లోని పెరిన్ కంపెనీ కొనుగోలు చేసింది. ఆ తరువాతనే బ్యాండ్ సా వాడకం విస్తరించింది. నేడు కలప మిల్లులలోని భారీ యంత్రాల నుండి ఇంటి పనిశాలలో బల్లపై అమర్చుకునే చిన్న యంత్రాల వరకు ఇది అనేక పరిమాణాలలో లభిస్తుంది.

బ్లేడు నిర్మాణం

బ్లేడులో వెన్ను, పళ్ళ అంచు అని రెండు భాగాలుంటాయి. వెన్ను వంగి తిరిగి నిటారు కాగలగాలి. పళ్ళు గట్టిగా ఉండి పదును నిలుపుకోవాలి. ఈ రెండు గుణాలను సాధించే విధానాన్ని బట్టి బ్లేడులు ముఖ్యంగా మూడు రకాలు.

* కార్బన్ ఉక్కు బ్లేడు: మొత్తం ఒకే రకపు ఉక్కు. పళ్ళను మాత్రం వేడిచేసి గట్టిపరుస్తారు. చవకైనది, ఇంటి పనిశాలలలో ఎక్కువగా కనిపించేది ఇదే.
* ద్విలోహ బ్లేడు: స్ప్రింగు ఉక్కు వెన్నుకు హైస్పీడ్ స్టీలు అంచును అతికి, అందులో పళ్ళు కోస్తారు. లోహాలను కోయడానికి అనువైనది.
* కార్బైడు బ్లేడు: పళ్ళ కొనలలో కార్బైడు ఉంటుంది. చాలా కాలం పదును నిలుస్తుంది గాని, కార్బైడు పెళుసు పదార్థం. మడతలో ఒక పన్ను మరో పన్నుకు తగిలినా కొన విరగవచ్చు.

సాధారణంగా పళ్ళను కుడికి, ఎడమకు స్వల్పంగా వంచి ఉంచుతారు. దీనివలన కోత వెడల్పై బ్లేడు ఇరుక్కుపోకుండా కదులుతుంది. గట్టి నేలపై పళ్ళు ఒరుసుకుంటే పదునే కాక ఈ వంపు కూడా చెడి, రంపం ఒక పక్కకు లాగడం మొదలుపెడుతుంది.

మూడు చుట్టలే ఎందుకు?

ఈ బ్లేడును రెండు చుట్టలుగా చదునుగా మడవడం సాధ్యం కాదు. ఒకటి తరువాత వీలయ్యేది మూడు, ఆ తరువాత ఐదు. అంటే బేసి సంఖ్యలు మాత్రమే. దీనికి కారణం చేతివాటం కాదు, జ్యామితి.

మెలి లేకుండా అతికిన పట్టీని చుట్టలుగా చేసినప్పుడు అది తనను తాను దాటవలసి వస్తుంది. రెండు చుట్టలకు కనీసం ఒక దాటు, మూడు చుట్టలకు కనీసం రెండు దాట్లు అవసరం. ప్రతి దాటునూ దాని దిశను బట్టి ధన ఒకటిగానో ఋణ ఒకటిగానో లెక్కిస్తారు. పట్టీలోని మెలినీ, ఈ దాట్లనూ కలిపిన మొత్తం, పట్టీని తెంచనంతవరకు మారదు. మెలి లేని వలయానికి ఆ మొత్తం సున్న. మూడు చుట్టలలో ఒక దాటు ధనం, రెండవది ఋణం అయి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. పట్టీ చదునుగా నిలుస్తుంది. రెండు చుట్టలలో ఉన్న ఒక్క దాటును రద్దు చేసేది లేదు. ఆ లోటును పట్టీ తనలో ఒక పూర్తి మెలి తిరిగి పూడ్చుకోవాలి. కనుకనే అది చదునుగా పడుకోక ఎగిరి లేస్తుంది.

ఈ సంబంధాన్ని గణితవేత్తలు కలుగరేయాను, జేమ్స్ వైట్, బ్రాక్ ఫుల్లర్‌ల పేర్లతో పిలుస్తారు. జీవకణాలలోని డీఎన్ఏ వలయాలు మెలితిరిగి చుట్టుకునే తీరును వివరించడానికీ ఇదే సూత్రం ఉపయోగపడుతుంది. కారు అద్దానికి అడ్డుపెట్టే, అంచున తీగ ఉన్న మడత ఎండతెరలు, విడవగానే వాటంతట అవే విచ్చుకునే గుడారాలు కూడా ఇదే విధంగా మడతపడతాయి.

విద్యార్థులు దీనిని రంపంతో కాక, అట్టపెట్టెలకు కట్టే ప్లాస్టిక్ పట్టీతో పరీక్షించి చూడవచ్చు. సుమారు ఒక మీటరు పట్టీ కొసలను మెలి లేకుండా అతికి మడిస్తే మూడు చుట్టలు వస్తాయి. ఒక పూర్తి మెలి తిప్పి అతికిన పట్టీ మాత్రం రెండు చుట్టలుగా చదునుగా పడుకుంటుంది.

వంపు, ఉక్కు ఓర్పు

పట్టీని వంచినప్పుడు దాని వెలుపలి ముఖం సాగుతుంది, లోపలి ముఖం కుదించుకుంటుంది. ఈ వికృతి విలువ స్థూలంగా పట్టీ మందాన్ని వంపు వ్యాసంతో భాగించగా వచ్చేదానికి సమానం. ఇళ్ళలో వాడే 14 అంగుళాల చక్రాల యంత్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. వీటిలో ఎక్కువగా వాడే బ్లేడు పొడవు 93½ అంగుళాలు (సుమారు 237.5 సెం.మీ.). మందం 0.64 మి.మీ. అనుకుంటే:

* యంత్రపు చక్రంపై (వ్యాసం 356 మి.మీ.): వికృతి సుమారు 0.18 శాతం
* మూడు చుట్టలుగా (వ్యాసం 252 మి.మీ.): సుమారు 0.25 శాతం
* ఐదు చుట్టలుగా (వ్యాసం 151 మి.మీ.): సుమారు 0.42 శాతం
* 20 మి.మీ. వ్యాసం గల ముడతలో: సుమారు 3.2 శాతం

మూడు చుట్టలలో బ్లేడుపై పడే భారం, అది చక్రంపై అనుభవించే దానికంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ. స్ప్రింగు ఉక్కు స్థితిస్థాపక అవధిలోనే ఉంటుంది కనుక విప్పగానే యథాస్థితికి వస్తుంది. ఐదు చుట్టలుగా మడిస్తే ఆ అవధికి చేరువవుతుంది. చివరి సందర్భంలో అవధి దాటి బ్లేడు శాశ్వతంగా వంగిపోతుంది. ముడత పడిన చోటు చక్రంపై తిరిగిన ప్రతిసారీ అలసి, చివరికి అక్కడే తెగుతుంది. బ్లేడును బలవంతంగా మడవరాదనే నియమానికి ఆధారం ఇదే.

ముందు జాగ్రత్తలు

* యంత్రాన్ని ఆపడమే కాక, ప్లగ్గును సాకెట్టు నుండి తీసివేయాలి. స్విచ్చి ఆపిన తరువాత కూడా చక్రాలు కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి. అవి పూర్తిగా ఆగేవరకు మూత తెరవరాదు.
* బిగువును వదులు చేసిన తరువాతనే బ్లేడును చక్రాల నుండి తప్పించాలి.
* కళ్ళద్దాల రక్షణ, మందపాటి తోలు చేతితొడుగులు, మూసిన బూట్లు, పొడవు చేతుల చొక్కా తప్పనిసరి. చెప్పులతో ఈ పని చేయరాదు.
* చేతితొడుగులు బ్లేడును పట్టుకోవడానికి మాత్రమే. యంత్రం నడిచేటప్పుడు వాటిని ధరిస్తే, పళ్ళు తొడుగును పట్టి చేతిని లాక్కుపోయే ప్రమాదం ఉంది.
* చుట్టూ రెండు మీటర్ల మేర ఖాళీ ఉండాలి. పిల్లలను, చూడవచ్చిన వారిని దూరంగా ఉంచాలి.
* నేలపై దళసరి అట్ట గాని చెక్క పలక గాని పరవాలి.

మడిచే విధానం

ఒంటిచేతి పద్ధతి:

1. బ్లేడును నిలువు వలయంగా ఎదుట పట్టుకోవాలి. పళ్ళు మనిషి వైపు కాక అవతలి వైపుకు ఉండాలి.
2. వలయం అడుగు భాగాన్ని అట్టపై ఆనించి, బూటు ముందు భాగంతో తేలికగా అదిమి ఉంచాలి. తొక్కితే బ్లేడు ముడతపడుతుంది. కదలకుండా ఉంటే చాలు.
3. వలయం పైభాగాన్ని ఒక చేత్తో, వెన్ను వైపు నుండి పట్టుకోవాలి. ఆ చేతిని మొదటే ఒక పక్కకు వీలైనంత తిప్పి పట్టుకుంటే తరువాతి కదలికకు అవకాశం ఎక్కువగా ఉంటుంది.
4. చేతిని రెండవ దిశగా ఒక పూర్తి చుట్టు (360 డిగ్రీలు) తిప్పుతూ, అదే సమయంలో నెమ్మదిగా కిందికి దించాలి. పక్క భాగాలు ఒకదానిపై ఒకటి దాటి, బ్లేడు దానంతట అదే మూడు చుట్టలుగా నేలపైకి చేరుతుంది.
5. కాలు తీయకముందే చుట్టలన్నిటినీ కలిపి పట్టుకుని, సమాన పరిమాణంలోకి సర్ది, రెండు మూడు చోట్ల కట్టాలి.

తిప్పడం సగంలో ఆపితే బ్లేడు ఎనిమిది అంకె ఆకారంలో నిలిచిపోతుంది. అప్పుడు దానిని బలంగా అణచడానికి ప్రయత్నించక, మెల్లగా వెనక్కు విప్పి మొదటి నుండి చేయాలి.

రెండు చేతుల పద్ధతి: అడుగు భాగాన్ని ముందు చెప్పినట్లే కాలితో ఆపి, వలయాన్ని ఎడమ, కుడి పక్కల మధ్యభాగాల వద్ద పట్టుకోవాలి. పైభాగాన్ని అవతలికి వంచి నేలవైపు దించుతూ, రెండు చేతులను దగ్గరకు తెచ్చి ఒకదానిపై ఒకటి దాటించాలి. వెడల్పైన, గట్టి బ్లేడులకు ఈ పద్ధతిలో పట్టు ఎక్కువగా ఉంటుంది. కలప మిల్లులలో వాడే వెడల్పాటి బ్లేడులను ఒక్కరే మడవరాదు.

కొత్తగా నేర్చుకునేవారు పదును పోయిన సన్నని బ్లేడుతో అభ్యాసం చేయడం మంచిది.

విప్పే విధానం

మడిచేటప్పటి కంటే విప్పేటప్పుడు ఎక్కువ జాగ్రత్త అవసరం. కట్టిన చుట్టలో స్థితిస్థాపక శక్తి నిలువ ఉండి, కట్టు తెగిన క్షణంలోనే విడుదలవుతుంది. ఒక చేత్తో మూడు చుట్టలనూ గట్టిగా పట్టుకుని, ముఖాన్ని పక్కకు ఉంచి, చేతులను చాచి కట్లు ఒక్కొక్కటిగా విప్పాలి. చివరి కట్టు తీసిన తరువాత కూడా పట్టు సడలించక, ఒక్కో చుట్టను వేరుచేస్తూ విచ్చుకోనివ్వాలి. చుట్టను గాలిలోకి గాని నేలపైకి గాని విసిరి విప్పడం పళ్ళకూ, చుట్టుపక్కల ఉన్నవారికీ మంచిది కాదు.

యంత్రానికి ఎక్కించినప్పుడు బల్ల వద్ద పళ్ళ కొనలు కిందికి చూడాలి. పైకి చూస్తుంటే బ్లేడు లోపలి ముఖం వెలుపలికి తిరిగి ఉందని అర్థం. దానిని తీసి, తొడుగులతో పట్టుకుని లోపలి ముఖాన్ని బయటికి తిప్పితే సరిపోతుంది.

భద్రపరచడం

మడిచే ముందు పళ్ళ మధ్య చిక్కిన రంపపు పొట్టును, జిగురును కుంచెతో తొలగించాలి. పచ్చి కలప పొట్టు తేమను పట్టి ఉంచి తుప్పుకు దారితీస్తుంది. తరువాత కుట్టుమిషను నూనె వంటి పలుచని నూనెను గుడ్డతో పూయాలి. గుడ్డను పళ్ళ దిశకు అనుకూలంగా మాత్రమే జరపాలి. సముద్ర తీర ప్రాంతాలలోనూ, వర్షాకాలంలోనూ ఈ పూత మరింత అవసరం. తిరిగి వాడేముందు నూనెను తుడిచివేయకపోతే కలపపై మరకలు పడతాయి.

కట్టడానికి ప్లాస్టిక్ పూత గల మెత్తని తీగ గాని గుడ్డ పట్టీ గాని అనువైనవి. కోస్తే తప్ప ఊడని కట్లు వాడితే, విప్పేటప్పుడు కత్తెర పట్టిన చేయి చుట్టను సరిగా పట్టుకోలేదు. రబ్బరు బ్యాండ్లు కొంతకాలానికి వాటంతట అవే తెగిపోతాయి.

చుట్టలను గోడకు వేలాడదీయడానికి సన్నని మేకు కంటే గుండ్రని చెక్క కొయ్య మేలు. అది కంటి ఎత్తులో, నడిచే దారిలో ఉండరాదు, పిల్లలకు అందరాదు. కార్బైడు బ్లేడుల చుట్టల మధ్య అట్ట ముక్కలు ఉంచాలి. ప్రతి చుట్టకూ పొడవు, వెడల్పు, అంగుళానికి పళ్ళ సంఖ్య, రకం, కొత్తదో వాడినదో రాసిన చీటీ కడితే, కొలత కోసం మళ్ళీ విప్పవలసిన పని ఉండదు.

పాడైన బ్లేడులు

పదును పోయిన బ్లేడు కూడా చర్మాన్ని కోయగలదు. దానిని ఉన్నది ఉన్నట్లు చెత్తలో వేస్తే, కట్టు విప్పిన పారిశుధ్య కార్మికుని చేతికో, పాత ఇనుము కొనేవారి ముఖానికో గాయమవుతుంది. చుట్టను కట్టి ఉంచి, రేకు కత్తెరతో ముక్కలుగా కత్తిరించి, దళసరి అట్టలో చుట్టి, పైన స్పష్టంగా రాసి పాత ఇనుముకు ఇవ్వాలి. కత్తిరించేటప్పుడు ముక్కలు ఎగిరే అవకాశం ఉన్నందున కళ్ళ రక్షణ తప్పనిసరి.

గాయమైనప్పుడు

చిన్న గాయాన్ని శుభ్రమైన నీటితో కడిగి కట్టుకట్టాలి. రక్తం ఎక్కువగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి వైద్యుని వద్దకు వెళ్ళాలి. వేలు ముడవలేకపోయినా, స్పర్శ తెలియకపోయినా నరం గాని స్నాయువు గాని తెగి ఉండవచ్చు, ఆలస్యం చేయరాదు. ధనుర్వాతం టీకా అవసరమా అన్నది వైద్యుని అడగాలి. కంటికి తగిలితే నలపకుండా, అదమకుండా వెంటనే నేత్రవైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

ఇవి కూడా చూడండి

* రంపం
* వడ్రంగం
* ఉక్కు
* స్థితిస్థాపకత
* మోబియస్ పట్టీ