పట్టణ ప్రణాళికలు - ప్రజల యెరుక

పట్టణమునకు నూతన ప్రణాళిక సిద్ధమైనదని పురపాలక సంఘమువారు ప్రకటింతురు. కార్యాలయపు గోడమీద పటమొకటి వ్రేలాడును. పత్రిక మూలను చిన్న యక్షరములతో ప్రకటన యొకటి కానవచ్చును. గడువు తీరును. ఆక్షేపణలు రాలేదు గనుక ప్రజలు అంగీకరించిరని వ్రాసికొందురు. తన యింటిమీదుగా బాట గీయబడినదని యింటివానికి తెలియునది ఎప్పుడు? కొలతగొలుసు వాకిట పడినప్పుడు! ఇట్టి మౌనమును సమ్మతిగా నెంచుట న్యాయము కాదని మేము స్పష్టముగా చెప్పదలచితిమి.

ఇందుకు దృష్టాంతమును దూరమున వెదకనక్కరలేదు. 2023 జనవరిలో తెలంగాణమునందలి కామారెడ్డిలో జరిగినదానిని మా పాఠకులు మరచియుండరు. పురపాలక సంఘమున విలీనమైన గ్రామముల పంటభూములు కొన్ని ముసాయిదా ప్రణాళికలో పరిశ్రమలకును, బాటలకును చూపబడెను. రైతులు కలెక్టరు కార్యాలయమును ముట్టడించిరి. ఆ నెల 20వ తేదీన పురపాలక సంఘమే ముసాయిదా రద్దు కావలెనని తీర్మానించెను. జగిత్యాలలోను ఆ దినములలోనే అట్టి తీర్మానము జరిగెను. ఆ ప్రణాళికల మంచిచెడ్డలను మేమిచ్చట విచారింపము. పొలముగట్టున ముందుగా జరుగవలసిన చర్చ తుదకు నడివీథిని జరిగెను. పటము గీచిన శ్రమయు వ్యర్థమయ్యెను, రైతు మనశ్శాంతియు పోయెను.

చట్టము లేక యిట్లగుచున్నదా? కాదు. ప్రజలకు సంబంధించిన ముఖ్య నిర్ణయములను ప్రకటించునపుడు తత్సంబంధమైన సంగతులన్నిటిని అధికారులు తామై వెల్లడింపవలెనని 2005 నాటి సమాచార హక్కు చట్టపు నాలుగవ విభాగము విధించుచున్నది. స్థానిక భాషను గమనింపవలెననియు చెప్పుచున్నది. 2013 నాటి భూసేకరణ చట్టము ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటనను, బహిరంగ విచారణను కోరుచున్నది. కాని పటముమీద రంగు మారుట భూసేకరణ కాదు గనుక ఈ రెండవ రక్షణ రైతునకు అప్పటికి లభింపదు. ఆ రంగుతోనే భూమి వాడుకయు, విలువయు మారిపోవునను సంగతి మాత్రము అందరెరిగినదే.

ప్రజలకు తెలియజెప్పు విద్య మనకు క్రొత్తది కాదు. స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డెస్ పండితుని నగర ప్రదర్శన సామగ్రి 1914లో ఎండెన్ నౌక చేసిన దాడిలో సముద్రము పాలయ్యెను. అయినను ఆయన క్రొత్త పటములను సమకూర్చుకొని 1915లో చెన్నపట్టణమున ప్రదర్శన జరిపెను. తరువాత ప్లేగు పీడితమైన ఇండోరులో దీపావళి ఊరేగింపునే పాఠశాలగా మార్చెను. ఇండ్లను ఎక్కువగా బాగుచేసికొని సున్నము కొట్టించుకొన్న వీథులగుండ ఊరేగింపు పోవునని చాటగా, పురజనులు తామే చీపుళ్లు పట్టిరి. ప్రణాళిక అర్థమైనచో ప్రజలు అడ్డు నిలువరు, చేయి కలుపుదురు.

కావున మా సూచనలివి. ముసాయిదాను తేట తెలుగున, వార్డు వార్డునకు వేరుగా, వీథి పేరుతోను, సర్వే నంబరుతోను ముద్రింపవలెను. పెద్ద పటములను పాఠశాలలయందును, చౌక ధరల దుకాణములయందును, రైతు బజారులయందును ఉంచవలెను. టముకు వేయించవలెను, భూమిగలవానికి విడిగా నోటీసు నీయవలెను, చేతి ఫోనునకు సందేశము పంపవలెను. వెడల్పు చేయదలచిన బాట హద్దులను నేలమీద సున్నపు గీతతో చూపవలెను. పటము చదువలేనివాడు గీతను చదువగలడు. కూలిపని ముగిసిన సాయంకాలమున సభ జరుపవలెను. వచ్చిన ప్రతి యాక్షేపణకు కారణములతో లిఖితముగా ప్రత్యుత్తరమీయవలెను.

ముందుగా తెలిసినచో వ్యాపారులు భూముల ధరలు పెంతురని కొందరందురు. వ్యాపారికి ఎట్లును ముందే తెలియుచున్నది. తెలియనివాడు రైతు, గుడిసెవాడు, చిల్లర దుకాణదారుడు. రహస్యము ఎవరిని కాపాడుచున్నదో దీనివలననే తేటపడుచున్నది.

రాజధానులలో ఎగిరిన జెండా మాత్రమే స్వరాజ్యము కాదు. తన వీథి రేపెట్లుండునో నేడే యెరుగుటయు, అందు తన మాట చెల్లుటయు స్వరాజ్యమే. పురపాలకులు తమ పటములను గోడనుండి దింపి వీథిలోనికి తెత్తురుగాక!