తండ్రి విద్య అబ్బింది - కొలువు మాత్రం దక్కలేదు

పలమనేరు: బీరు ఫ్యాక్టరీ మాట ఎత్తితే మన పల్లెల్లో ఆడవారు ముఖం తిప్పుకుంటారు. అందుకు కారణం లేకపోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మహిళలు సారాపై తిరగబడితే ఆ వేడి మన జిల్లాకూ తగిలింది. అయితే మొగిలి ఘాటు ఎక్కి బెంగుళూరు పోయివచ్చే మనవారు తెలుసుకోదగ్గ బీరు నిపుణుడి కూతురి కథ ఒకటుంది.

ఆమె కిరణ్ మజుందార్ షా. 1953లో బెంగుళూరులో ఒక గుజరాతీ కుటుంబంలో పుట్టారు. తండ్రి రసేంద్ర మజుందార్ యునైటెడ్ బ్రూవరీస్‌లో ప్రధాన బ్రూమాస్టర్. అంటే బీరు తయారీకి పెద్ద మేస్త్రీ అన్నమాట. ఫ్యాక్టరీ ఆయనది కాదు. కూతురికి ఇవ్వగలిగింది ఆయన చేతిలోని విద్య ఒక్కటే.

కిరణ్ డాక్టరు కావాలనుకున్నారు. సీటు రాలేదు. పులియబెట్టే శాస్త్రం చదవమని తండ్రే సలహా ఇచ్చారు. ఆడపిల్లను బీరు చదువుకు పంపిన ఆ తండ్రి ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే. ఆస్ట్రేలియాలోని బల్లారట్ కళాశాలలో ఆ తరగతి మొత్తానికి ఆమె ఒక్కతే ఆడపిల్ల. పరీక్షలో మొదటి స్థానం ఆమెకే దక్కింది. 1975లో బ్రూమాస్టర్ పట్టాతో తిరిగివచ్చారు.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. కలకత్తా, బరోడాలలో కొంతకాలం పనిచేసినా, బ్రూమాస్టర్ కొలువు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అది మగవారి పని అన్నారు. మన ఇళ్లలో రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టేది ఆడవారే. దోసెల పిండి పులిసిందో లేదో వాసనతో చెప్పేదీ వారే. బీరుకు బార్లీ గింజను మొలకెత్తించడం, ఈస్టుతో పులియబెట్టడం ఆ జాతి పనులే. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేసరికి అది మగవారి పని ఎలా అయిందో!

దేశంలో కుదరక స్కాట్లండులో ఉద్యోగానికి సిద్ధపడుతున్న వేళ, ఐర్లండులో ఎంజైముల కంపెనీ నడుపుతున్న లెస్లీ ఆకిన్‌క్లాస్ పరిచయమయ్యారు. ఆయనతో కలిసి 1978లో బెంగుళూరులో ఒక అద్దె ఇంటి కారు షెడ్డులో బయోకాన్ మొదలుపెట్టారు. పెట్టుబడి 10 వేల రూపాయలు. వయసు 25. బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనుకాడాయి. మొదటి ఉద్యోగి ఒక రిటైరైన గ్యారేజీ మెకానిక్కు.

వారి తొలి సరుకుల్లో ఒకటి బొప్పాయి పాలనుంచి తీసే పపైన్. పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు మన రైతులకు తెలియనివి కావు. ముదురు మాంసం మెత్తగా ఉడకాలని కూరలో పచ్చి బొప్పాయి ముక్క వేస్తారే, ఆ గుణం పపైన్‌దే. చల్లబరిచిన బీరు మసకబారకుండా చూసేదీ అదే. చేప గాలితిత్తి నుంచి తీసే ఐసిన్‌గ్లాస్ మరొకటి. దానితో బీరు తేటపడుతుంది. తనకు కొలువివ్వని పరిశ్రమకే కావలసిన సరుకును ఆమె తయారుచేయడం విశేషం. ఏడాది తిరిగేసరికి ఎంజైములు అమెరికాకు, యూరపుకు ఎగుమతి అయ్యాయి.

తరువాత కంపెనీ మందులవైపు మళ్లింది. 2004లో చక్కెర జబ్బువారికి ఇన్సులిన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. తయారీకి వాడింది ఒక రకం ఈస్టునే. తండ్రి పీపాల దగ్గర నేర్చిన విద్యకు అది దూరమేమీ కాదు. ప్రభుత్వం ఆమెకు 1989లో పద్మశ్రీ, 2005లో పద్మభూషణ్ ఇచ్చింది.

బెంగుళూరు శివారు బొమ్మసంద్రలో 2009లో ఆమె తోడ్పాటుతో క్యాన్సర్ ఆసుపత్రి ఒకటి వెలిసింది. పేరు మజుందార్ షా మెడికల్ సెంటర్. వైద్యానికి బెంగుళూరు వెళ్లే మన కుప్పం, వి.కోట వైపు వారిలో ఆ బోర్డు చూసినవారు ఉంటారు. అందులోని మొదటి మాట ఒక బీరు మేస్త్రీ ఇంటిపేరు.