సరుకు పొలిమేర దాటింది... సొమ్మేదీ?

బళ్లారి: 1953 అక్టోబరు దాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లాలోనివే. రాష్ట్రాలు వేరైనా అరువు బేరాలు ఆగలేదు. ఇక్కడ కుట్టిన జీన్స్ ఆదోని దుకాణానికి చేరుతుంది. డబ్బు మాత్రం 'పండగయ్యాక చూద్దాం' దగ్గర ఆగుతుంది.

'వాళ్లది ఆంధ్ర, కేసు అక్కడే వేయాలట' అని చాలామంది బాకీ వదిలేసుకుంటారు. అంత అవసరం లేదు. బేరం కుదిరింది, సరుకు అప్పగించింది, సొమ్ము చెల్లించాల్సింది... వీటిలో ఏదైనా బళ్లారిలో జరగాల్సిందైతే దావా ఇక్కడే వేయొచ్చు.

అసలు దెబ్బ గడువు దగ్గర. అరువు వాయిదా తీరిన రోజు నుంచి మూడేళ్లే. 'ఇస్తాంలే అన్నా' అని ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా ఆ గడువు పెరగదు. మూడేళ్లు నిండకముందే బాకీ ఒప్పుకుంటూ ఖాతాలో సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. నిండాక పెట్టించుకున్న ఉత్త ఒప్పుకోలుకు ఆ బలం లేదు. ఖాతా తెలుగులో ఉన్నా ఫర్వాలేదు, కోర్టుకు అనువాదం జత చేస్తే సరి.

మూడు లక్షలు, ఆపైన ఉన్న వ్యాపార బాకీ అయితే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాల్సిందే. తక్షణ ఉత్తర్వులు కోరే కేసులకు మినహాయింపు ఉంది. సుప్రీంకోర్టు 2022లో ఇదే తేల్చింది. ఆ రోజులు గడువు లెక్కలోకి రావు.

గెలిచాక ఆదోనిలో మళ్లీ దావా అక్కర్లేదు. డిక్రీని అక్కడి కోర్టుకు బదిలీ చేయించుకుని ఆస్తి జప్తు కోరొచ్చు. అమలుకు 12 ఏళ్ల గడువు. ఈలోగా దుకాణం బామ్మర్ది పేరుకు మారితే అదో కొత్త పేచీ!