కష్టకాలమున క్రైస్తవ నిరీక్షణ

లోకులు 'ఆశ' యనుచోట తెలుగు క్రైస్తవులు 'నిరీక్షణ' యందురు. తెలుగు బైబిలునందును ఆ మాటయే కానవచ్చును. ఆశ యన్న మాటకు మన భాషలో కొంత అపకీర్తి కలదు. పేరాశ, దురాశ దాని తోబుట్టువులు. నిరీక్షణ యనగా ఎదురుచూచుట, చూపు దూరమున నిలిపి నిలుచున్న చోటు విడువకుండుట. మన కళాశాలలో ఉర్దూ చదువు మిత్రులకు ఈ భావము క్రొత్తది కాదు. వారు దానికి దగ్గరి గుణమును 'సబ్ర్' అందురు. మిక్కిలి ఓర్పును చెప్పవలసి వచ్చినపుడు 'సబ్రె అయ్యూబ్' అని అయ్యూబు ప్రవక్తను తలచుకొందురు. ఆ అయ్యూబే బైబిలులోని యోబు. ఆస్తిని, బిడ్డలను, ఆరోగ్యమును పోగొట్టుకొని బూడిదలో కూర్చున్న ఆ మనుష్యుని ఇరు మతములవారును తమవానిగానే చెప్పుకొందురు.

అయితే ఎదురుచూచుట యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుటయేనా? ఈ ప్రశ్నకు సమాధానమును మన తీరమే ఇటీవల చెప్పినది. 2018 నవంబరులో గుజరాత్ సముద్రమున వేట సాగించుచున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఇరువదిమందికి పైగా పాకిస్తాను వారికి పట్టుబడిరి. వారిలో మన ఎచ్చెర్ల ప్రాంతపు మత్స్యలేశము వారును ఉండిరి. 2020 జనవరిలో ఇరువదిమంది వాఘా సరిహద్దు దాటి స్వదేశమున అడుగిడిరి. ఆ పదునాలుగు నెలలును ఇండ్లలో మిగిలిన స్త్రీలు కన్నీరు కార్చుటతో ఊరకుండలేదు. అర్జీలు పట్టుకొని అధికారుల యొద్దకును నాయకుల యొద్దకును తిరిగిరి. వారి మతము ఏదైనను, నిరీక్షణ యను మాటకు వారి నడవడియే మంచి వ్యాఖ్యానమని మా అభిప్రాయము.

హెబ్రీయులకు వ్రాసిన పత్రికయందు నిరీక్షణ లంగరుతో పోల్చబడినది. సముద్రము నెరిగినవారికి ఈ పోలిక వెంటనే బోధపడును. లంగరు తుఫానును ఆపదు, అలను తగ్గింపదు. ఓడ కొట్టుకొనిపోకుండ పట్టియుంచును, అంతియే. విశ్వసించినవానికి కష్టము రాదని బైబిలు ఎచ్చటను మాట ఇయ్యలేదు. యోబు మౌనముగ సహించినవాడును కాడు. తాను పుట్టిన దినమును శపించెను, దేవునితోనే వాదించెను. దావీదు కీర్తనలలో ఎన్నియో మొరలే. ఏడ్చుట అవిశ్వాసమని దుఃఖములో నున్నవారిని మందలించు పెద్దలు నేడును కొందరు కలరు. వారు యోబును మరియొకసారి చదువుట మంచిది.

ఇక చరిత్ర. మనకు సమీపముననున్న శ్రీకాకుళమును ఆ రోజులలో చికాకోలు అనుచుండిరి. 1836లో సామ్యూల్ డే యను అమెరికను బాప్టిస్టు మిషనెరీ విశాఖపట్టణమునకు చేరి, అచటినుండి చికాకోలు వచ్చి కొంతకాలము నివసించెను. 1837లో మద్రాసునకును, 1840లో నెల్లూరునకును తరలిపోయెను. నెల్లూరున ఏండ్ల తరబడి శ్రమించినను ఫలితము అత్యల్పము. ఇంత ధనము, ఇన్ని ప్రాణములు వ్యయపరచి ఏమి సాధించితిమని అమెరికాలోని సంఘమువారు ఆ తెలుగు మిషనును మూసివేయుటకు 1848లోను, 1853లోను, 1862లోను ఆలోచన చేసిరి. మూడవ పర్యాయము లైమన్ జ్యూయెట్ అను మిషనెరీ సెలవుపై స్వదేశమున ఉండెను. మీరు పంపకున్నను తానొక్కడే తిరిగిపోయి తెలుగువారి మధ్యనే జీవించి మరణింతునని అతడు పట్టుబట్టెననియు, అట్లయిన మిమ్ము పాతిపెట్టుటకైనను ఒకరిని తోడు పంపవలసియుండునని పెద్దలు అనిరనియు చెప్పుదురు.

ఈ జ్యూయెట్ 1854 జనవరి 1వ తేదీ ఉదయమున ఒంగోలు కొండ నెక్కి, తన భార్యతోను మరి ముగ్గురు తెలుగు విశ్వాసులతోను ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించెను. ఆ కొండకు ప్రార్థన కొండ యని పేరు వచ్చినది. ప్రార్థనకు జవాబుగా వారు భావించిన జాన్ క్లౌ ఒంగోలున నివాస మేర్పరచుకొనునప్పటికి 1866వ సంవత్సరము వచ్చినది. నడుమ పండ్రెండేండ్లు. 1867 జనవరి 1న అచట సంఘము స్థాపింపబడినపుడు సభ్యులు ఎనమండుగురు మాత్రమే.

మిషను చరిత్రలలో జ్యూయెట్, క్లౌల పేర్లే పెద్ద అక్షరములతో కనబడును. తాళ్ళకొండపాడునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్యకు రావలసినంత చోటు రాలేదు. మాదిగ కులమున జన్మించిన ఈయన అంతకుముందే గురువుల నాశ్రయించి సత్యమును వెదకినవాడు. 1866లో బాప్తిస్మము పొంది, కాలినడకన పల్లెపల్లెకు తిరిగి తన వారికి బోధించెను. ఊరి బావి నీటికి కూడ నోచుకొనని జనుల మధ్య ఆ మాట నాటుకొనుటకు ఆయన నడకయే ముఖ్యకారణమని మేము తలంతుము.

అంతలో క్షామము వచ్చినది. 1876లో వానలు తప్పినవి. 1878 వరకు సాగిన ఆ కరువులో మద్రాసు రాజధానిలో లక్షలమంది నశించిరి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలో పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యము, ఒక అణాకు తగ్గించెను. పని శిబిరములలో మాదిగలకు పై కులపు మేస్త్రీలచే అవమానములు తప్పలేదు. క్లౌ యౌవనమున భూముల సర్వే పని నేర్చినవాడు. అతడు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టుకు తీసికొని, తన తెలుగు బోధకులనే పనిపై నియమించెను. పగలు మన్ను త్రవ్వినవారు విశ్రాంతివేళ ఆ బోధకుల చుట్టును కూర్చుండి వాక్యము వినుచుండిరి. ఆకలి, విశూచి పట్టి పీడించుచున్న కాలమున ప్రార్థించుటయు, గంపలతో మన్ను మోయించి కూలి చెల్లించుటయు వారికి రెండు వేరు పనులుగ తోచలేదు.

ఇచటనే మేము ముఖ్యమని తలచు విషయము కలదు. అనేకులు బాప్తిస్మము కోరి వచ్చిరి. క్లౌ నిరాకరించెను. కూటి కొరకు వచ్చినవాడెవడో, విశ్వాసముతో వచ్చినవాడెవడో ఆ సమయమున తెలియదనియు, సహాయము నిలిచిన పిదప చూతమనియు అతని నిర్ణయము. 1877 మార్చి మొదలు 1878 జూన్ వరకు, పదునైదు నెలలు, ఒక్కరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. ఇక ధనసహాయము లేదని తెలిపిన తరువాతను జనులు మరలిపోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరాంతమునకు ఆ సంఖ్య తొమ్మిదివేలు దాటెను.

2,222 అను అంకెను అందరును చెప్పుకొందురు. మాకు మాత్రము ఆ పదునైదు ఖాళీ నెలలే ఎక్కువ విలువైనవిగా తోచును. అన్నము పెట్టిన చేతితోనే మతము నిచ్చినయెడల, తీసికొన్నవానికి తన విశ్వాసము తనదో కాదో ఎన్నటికిని తెలియదు. కృతజ్ఞతయు, కులబాధ నుండి బయటపడవలెనను కోరికయు ఆ జనులను నడిపింపలేదా యని అడుగువారు నేడును కలరు. నడిపించియే యుండవచ్చును. మానవమాత్రుని గౌరవము కోరుట విశ్వాసమునకు విరుద్ధమని మేము ఒప్పుకొనజాలము.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన జిల్లా ఉత్తర భాగమున కొబ్బరి, జీడి తోటలను నేలమట్టము చేసినది. కొబ్బరి మొక్క నాటినవాడు కాపు చూచుటకు అయిదారేండ్లు ఆగవలెను. అయినను రైతులు మరల నాటిరి. 2020లో మహమ్మారి వలన ప్రార్థనామందిరములు, మసీదులు, గుడులు కూడ మూతపడినపుడు విశ్వాసము ఇంటి గోడల నడుమకు చేరినది. పొరుగువాని గుమ్మమున బియ్యపు సంచి నుంచుట ఆనాటి ఆరాధన యైనది. ఆ బియ్యము తీసికొన్నవాని మతమేదని అడుగకుండ ఇచ్చినవారు ఆ కాలువ గట్టు నాటి నియమమునే పాటించిరి.

చికాకోలున కొన్నాళ్ళున్న సామ్యూల్ డే అనారోగ్యముతో 1853లో భారతదేశమును విడిచిపోయెను. అతడు 1871లో మరణించెను. గుండ్లకమ్మ ఒడ్డున జరిగినదానికి అది ఏడేండ్ల ముందు.