అన్నం కోసం కట్టిన మెట్లు

కొండకు మెట్లు కట్టడం మనకు కొత్త కాదు. తిరుమలకైనా, సింహాచలానికైనా, దేవుని దర్శనం కోసం పెద్దలు కట్టించిన మెట్లు మనలో చాలామంది ఎక్కినవాళ్ళమే. కాని పిడికెడు అన్నం కోసం కొండలకు కొండలనే మెట్లుగా మలచుకున్నవారు ఫిలిప్పీన్స్ దేశంలో వున్నారు. వారిని ఇఫుగావోలు అంటారు.

ఫిలిప్పీన్స్ ఏడువేలకు పైబడిన దీవుల దేశం. ఆ దీవులలోకెల్లా పెద్దది లూజాన్. దానికి ఉత్తరాన కార్డిలెరా పర్వతాలున్నవి. అక్కడి కొండవాలులను తొలిచి, రాళ్ళతోనూ మట్టితోనూ గోడలు కట్టి, సుమారు 1,500 మీటర్ల ఎత్తుదాకా వరిమళ్ళు వేశారు. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క మడి. పై మడి నిండిన నీరు కింది మడిలోకి, అక్కడినుంచి ఆ కింది మడిలోకి, అలా లోయదాకా దిగుతుంది. ఇవి రెండువేల ఏళ్ళనాటివని చాలాకాలం చెప్పుకున్నారు. ఇటీవలి తవ్వకాలు జరిపిన పండితులు మాత్రం, స్పెయిన్‌వారు పల్లపు భూములను ఆక్రమించినప్పుడు కొండలెక్కిన జనం నాలుగువందల ఏళ్ళ క్రితం వీటిని విస్తరింపజేశారంటున్నారు. ఏది నిజమైనా, ఆ గోడలు కట్టింది ఏ రాజూ కాదు. ఊరివాళ్ళే కట్టుకున్నారు.

అడవి, నీరు, పాట

మళ్ళకు పైన, కొండ నెత్తిన, కుటుంబాలకు సొంత అడవి వుంటుంది. దానిని ‘ముయోంగ్’ అంటారు. అదికూడా పొలంతోపాటే తరతరాలుగా సంక్రమించే ఆస్తి. వానలు కురిసినప్పుడు ఆ చెట్లు నీటిని పట్టి వుంచి, ఎండలు కాసే రోజుల్లో కొంచెం కొంచెంగా కిందికి వదులుతాయి. చెరువు చేయవలసిన పని అక్కడ అడవి చేస్తున్నదన్నమాట. అందుకే కావలసినంత కలప మాత్రమే కొట్టుకొని, కొట్టినచోట మళ్ళీ మొక్క నాటడం వారి ఆచారం.

అక్కడ పండే పాతకాలపు వరికి ‘తినావోన్’ అని పేరు. ఏడాదికి ఒక్కసారి పండేదని ఆ మాటకు అర్థం. నాట్లకూ కోతలకూ, ఎవరైనా పోయినప్పుడు జాగారాలకూ, ‘హుద్‌హుద్’ అనే గాథలు పాడతారు. ముఖ్యగాయని సాధారణంగా పెద్దవయసు ఆడమనిషే. గాథలు రెండువందలకు పైగా వున్నవి. ఒక్కటి పూర్తిగా పాడాలంటే కొన్ని రోజులు పడుతుందట!

ప్రమాదం ఎందుకు వచ్చింది?

యునెస్కోవారు 1995లో ఈ మళ్ళను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. ఆరేళ్ళకే, 2001లో, ప్రమాదంలో వున్నవాటి జాబితాలోకి ఎక్కించవలసివచ్చింది. భూకంపం వల్లనో, యుద్ధం వల్లనో కాదు. గోడ కూలితే కట్టే మనిషి కరువైనందువల్ల.

ఈ గోడలను ఏటా సవరిస్తూ వుండాలి. ఒక గోడ జారితే ఆ మట్టి కింది మడిమీద పడుతుంది. ఒకరి అశ్రద్ధ పదిమంది పంటకు చేటు. కాని ఇంత చాకిరీ చేసినా, ఒక్క పంట చాలా ఇళ్ళలో ఏడాది పొడుగునా తిండికి చాలదు. చదువుకున్న పిల్లలు బాగియో, మనీలా నగరాలకు పోతున్నారు. మరికొందరు సముద్రం దాటుతున్నారు. యాత్రికులకు అమ్మే కొయ్యబొమ్మల కోసం కొన్నిచోట్ల ముయోంగ్ చెట్లు నరికారు. చెట్టు పోగానే ఊట తగ్గింది. నీరు నిలవని మళ్ళలో పెద్ద పెద్ద వానపాములు చేరి గట్లకు బొరియలు పెట్టినవి. తిండికి పనికివస్తాయని 1980 ప్రాంతాల్లో దేశంలోకి తెచ్చిన నత్తలు కొండలెక్కి లేత నారును తినివేయసాగినవి. మతం మారినవారు పాత పూజలు మానుకున్నారు. కోతలు తగ్గినచోట పాటా తగ్గింది.

మనకూ సంబంధం వున్నది

అదే లూజాన్ దీవిలో, మనీలాకు దక్షిణాన లాస్‌బాన్యోస్ అనే ఊళ్ళో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వున్నది. 1966లో అక్కడినుంచి ఐ.ఆర్. 8 వంగడం వెలువడింది. మరుసటి ఏడే మన పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారనే యువరైతు దానిని పండించి చూపారు. ఆ గింజ ఎందరి ఆకలి తీర్చిందో చెప్పనలవి కాదు. అయితే దానివెనుక వచ్చిన కొత్త రకాల ధాటికి మన అక్కుళ్ళు, కృష్ణకాటుకలు కంటికి కనబడకుండా పోయినవి. ఇఫుగావో రైతు కష్టమూ అటువంటిదే. పల్లంలో పండి లారీలమీద కొండెక్కి వచ్చే చవక బియ్యంతో, ఏడాదికొక్కసారి పండే తినావోన్ ధరలో ఎలా పోటీపడగలదు?

‘పిల్లలు ఊళ్ళోనే వుండి పూర్వుల గోడలు కాపాడుకోవద్దా?’ అని దూరాన కూర్చుని అనడం తేలిక. కోనసీమనుంచి గల్ఫు దేశాలకు వెళ్ళిన ఆడపడుచులను ఎరిగినవారు ఆ మాట తొందరపడి అనరు. ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడు వారసత్వం వంటకెక్కదు గదా!

గ్రామస్థులు, ప్రభుత్వం, కొన్ని సంఘాలు కలిసి గోడలు సవరించగా, 2012లో ఆ ప్రమాదపు జాబితానుంచి ఈ మళ్ళను తొలగించారు. హుద్‌హుద్ పిల్లలకు నేర్పే ప్రయత్నాలు జరిగినవి. తినావోన్ బియ్యాన్ని మంచి ధరకు విదేశాలకు పంపడమూ జరిగింది. ఇవన్నీ సంతోషించవలసినవే. కాని విరాళంతో గోడను ఒకసారి కట్టవచ్చు. ఏటేటా కట్టాలంటే ఆ మడి తన రైతుకు కూడు పెట్టాలి.

2010లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం తెచ్చిన 20 పెసోల నోటుమీద ఈ మెట్లమళ్ళ బొమ్మ వేశారు. దేశానికి అవి అంత గర్వకారణం. అటువంటి నోట్లు నాలుగు ఎక్కువగా ఆ రైతు చేతికి అందితే, వెళ్ళిన పిల్లలలో కొందరైనా తిరిగివస్తారేమో! ఇఫుగావోలలో ఆడైనా మగైనా ఇంటికి పెద్దబిడ్డకే మంచి మడి దక్కుతుంది. ఇప్పటికీ ఎన్నో ఇళ్ళలో ముసలి తల్లిదండ్రులు ఆ మడికి నీరు కట్టుకుంటూ, పెద్దబిడ్డ కబురు కోసం ఎదురుచూస్తున్నారు.