తల తిప్పి చూసేలోపు

2013 అక్టోబరు 1, మధ్యాహ్నం మూడు దాటింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లెన్ పార్క్ గ్రంథాలయంలో సైన్స్ ఫిక్షన్ పుస్తకాల దగ్గర ఓ యువకుడు ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి వెనకాల ఓ జంట గట్టిగా పోట్లాడుకోవడం మొదలుపెట్టింది. పక్కన గొడవైతే ఎవరు చూడకుండా ఉంటారు? అతనూ తల తిప్పాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి ల్యాప్‌టాప్ ఇంకొకరి చేతిలో ఉంది.

ఆ జంట ఎఫ్‌బీఐ మనుషులు. ల్యాప్‌టాప్ పోగొట్టుకున్నది ‘సిల్క్ రోడ్’ అనే మాదకద్రవ్యాల రహస్య అంగడిని నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్. అతని డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. మూత పడితే సాక్ష్యాలు అందవేమోనని వాళ్ల భయం. అందుకే అతను లాగిన్ అయి, పనిలో మునిగేదాకా ఓపికపట్టారు.

పోలీసుల ఎత్తు దొంగకూ పనికొస్తుంది. మాదాపూర్ కాఫీ షాపులో ఆర్డర్ నంబరు పిలవగానే ల్యాప్‌టాప్ అలాగే వదిలేసి కౌంటర్ దగ్గరికి వెళ్లేవాళ్లను చూస్తే, దొంగకు నాటకం ఆడే శ్రమ కూడా అక్కర్లేదనిపిస్తుంది.

మూసి ఉన్న ల్యాప్‌టాప్ మాటేమిటి? పాస్‌వర్డ్ ఉందిగా అని చాలామంది ధీమా. ఎన్‌క్రిప్షన్ లేకపోతే ఆ పాస్‌వర్డ్ వీధి తలుపు గొళ్లెం లాంటిదే. స్క్రూడ్రైవర్‌తో డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే పెరటి తలుపు బార్లా తెరుచుకుంటుంది. 2006 మేలో అమెరికాలోని మేరీలాండ్‌లో మాజీ సైనికుల శాఖ ఉద్యోగి ఇంట్లో దొంగలు పడి ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్ ఎత్తుకెళ్లారు. అందులో దాదాపు 2.65 కోట్లమంది పేర్లు, పుట్టిన తేదీలు ఎన్‌క్రిప్షన్ లేకుండా ఉన్నాయి. సరుకు దొరికింది, వివరాలు ఎవరూ చూడలేదనీ తేలింది. అయినా కోర్టు వ్యవహారం తెగేసరికి ప్రభుత్వం 2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది.

విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, లైనక్స్‌లో లక్స్ డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడానికే ఉన్నాయి. ఒక్క మెలిక: మెషీన్ నడుస్తున్నంతసేపూ, స్లీప్‌లో ఉన్నా సరే, ఆ ఎన్‌క్రిప్షన్ తాళంచెవి మామూలుగా ర్యామ్‌లోనే ఉంటుంది. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు దుమ్ము ఊదే స్ప్రే డబ్బాను తలకిందులు చేసి ర్యామ్‌ను గడ్డకట్టేంత చల్లబరిచి, ఆ తాళంచెవిని బయటికి లాగి చూపించారు. కాఫీ షాపు దొంగ అంత కష్టపడడు లెండి. అయినా ప్రయాణాల్లో పూర్తిగా షట్‌డౌన్ చేయడం మేలు.

లేచేటప్పుడు విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కడానికి అర సెకను చాలు. ఫోన్ దూరమైతే దానంతటదే లాక్ అయ్యే డైనమిక్ లాక్ విండోస్‌లో ఉంది కానీ, అది స్పందించడానికి నిమిషం దాకా పడుతుంది. లాక్కుని పరిగెత్తేవాడికి నిమిషం చాలా ఎక్కువ.

దీనికి జిమ్‌లో ట్రెడ్‌మిల్ లాంటి ఉపాయమే ఒకటి ఉంది. చొక్కాకు తగిలించుకునే ఎర్ర క్లిప్ ఊడితే ట్రెడ్‌మిల్ ఆగిపోతుంది కదా. బస్‌కిల్ అనే యూఎస్‌బీ తీగ అచ్చం అలాగే పనిచేస్తుంది. ఒక కొస ల్యాప్‌టాప్‌కు, రెండో కొస నడుముకు, మధ్యలో అయస్కాంతపు అతుకు. ఎవరైనా లాగితే అతుకు విడిపోతుంది, స్క్రీన్ లాక్ అవుతుంది. కావాలంటే షట్‌డౌన్ అయ్యేలా కూడా పెట్టుకోవచ్చు. అలా పెట్టుకుని, తీగ సంగతి మరిచి టీ కోసం లేస్తే మాత్రం సేవ్ చేయని పని గోవిందా!

ల్యాప్‌టాప్ పోతే ఏం చేయాలి? పోయిన ఫోన్‌ను ఐఎంఈఐ నంబరుతో బ్లాక్ చేసే సీఈఐఆర్ మన దేశంలో ఉంది, ల్యాప్‌టాప్‌కు ఆ వసతి లేదు. అందుకే ముందు ఫోన్ తీసి, ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ కొట్టాలి. బ్యాంకు దగ్గర్నుంచి షాపింగ్ దాకా చాలా పాస్‌వర్డ్‌లు మార్చుకునే దారి ఆ ఈమెయిలే. ఆఫీసు మెషీన్ అయితే వెంటనే ఆఫీసుకు చెప్పాలి. డేటాకు తగిన రక్షణ లేదని తేలితే కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది.

ఇంకొక్క మాట. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని ప్రింట్ తీసి, మడతపెట్టి, భద్రంగా ల్యాప్‌టాప్ బ్యాగు జేబులోనే పెట్టుకునేవాళ్లున్నారు. ఆ కాగితాన్ని ఇంట్లో బీరువాలో, పట్టాదారు పాస్‌పుస్తకం పక్కన పెట్టుకోవచ్చు.