ఏమైతదో... ఏమో!

టీవీ పెడితే సస్పెన్స్. పేపరు తిప్పితే సస్పెన్స్. సినిమా పోస్టరు మీదా అదే. రోజుకు పదిసార్లు చెవిన పడే ఈ మాటకు అసలు అర్థం ఏమిటి? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టి వస్తే నిఘంటువులు చెప్పేదానికన్నా ఎక్కువే తెలుస్తుంది.

తాళం ఉంది. తాళంచెవి లేదు!

2023 ఏప్రిల్‌లో జగిత్యాల జిల్లా నూకపల్లిలో జరిగిందీ ముచ్చట. అక్కడి ఓ ఇంజినీరింగ్ కాలేజీలోనే ధర్మపురి నియోజకవర్గానికి చెందిన 2018 శాసనసభ ఎన్నికల సామగ్రిని స్ట్రాంగ్ రూంలో భద్రపరిచారు. ఆ ఎన్నికల్లో కొప్పుల ఈశ్వర్ 441 ఓట్ల తేడాతో గెలిచారు. ఓడిపోయిన అడ్లూరి లక్ష్మణ్‌కుమార్ ఫలితాన్ని సవాలు చేస్తూ హైకోర్టుకు వెళ్లారు. పత్రాలు తెమ్మంది కోర్టు. అధికారులు వచ్చారు. పార్టీల వాళ్లూ వచ్చారు. కెమెరాలు సరేసరి. తీరా చూస్తే గది తాళంచెవి కనిపించలేదు. చివరికి కోర్టు అనుమతి తీసుకుని తాళం పగలగొట్టాల్సి వచ్చింది.

ఇలాంటి వార్తకు శీర్షిక పెట్టడం డెస్కులో కూర్చున్న వాళ్లకు పెద్ద పనేం కాదు. ‘వీడని స్ట్రాంగ్ రూం సస్పెన్స్’ అంటే సరి. చదివేవాళ్లూ అభ్యంతరం చెప్పరు. కానీ కచ్చితంగా మాట్లాడితే, తాళంచెవి ఏమైందన్నది సస్పెన్స్ కాదు. అది మిస్టరీ. అయిపోయినదాని గురించిన ప్రశ్న. తలుపు తెరిచాక ఏం బయటపడుతుందోనని రెండు వర్గాలవాళ్లూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారే... అదీ సస్పెన్స్! కాబోయేదాని గురించిన గుబులు.

బల్ల కింద బాంబు

ఈ తేడాను అందరికన్నా తేలిగ్గా చెప్పినవాడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫో ఆయనతో రోజుల తరబడి మాట్లాడారు. ఆ సంభాషణే తర్వాత పుస్తకమైంది. అందులో హిచ్‌కాక్ చెప్పిన ఉదాహరణ సినిమావాళ్లకు పాఠం లాంటిది. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. ఆ ఉలికిపాటు ఉండేది పదిహేను సెకన్లు. అదే, బాంబు పెట్టడం ముందే ప్రేక్షకుడికి చూపించి, గోడ మీద గడియారం కూడా చూపించారనుకోండి. అదే పిచ్చాపాటీ ఇప్పుడు భరించలేం. ‘లేవండయ్యా బాబూ’ అని సీట్లోంచి అరవాలనిపిస్తుంది. ఈసారి మనసు పదిహేను నిమిషాలు బిగుసుకుపోతుంది.

అంటే సస్పెన్స్‌కు కావాల్సింది దాచిపెట్టడం కాదు. చెప్పడం! మన సినిమాల్లోనే చూడండి. వంశీ ‘అన్వేషణ’ (1985) చూస్తున్నంతసేపూ చంపిందెవరన్నదే ప్రశ్న. వెంకటేశ్ ‘దృశ్యం’ (2014)లో ఆ ప్రశ్నే లేదు. ఎవరు చంపారో, ఎందుకు చంపారో మన కళ్లముందే జరిగిపోతుంది. అయినా పోలీసులు ఇంటికొచ్చిన ప్రతిసారీ మన గుండె దడదడలాడుతుంది. మొదటిది మిస్టరీ, రెండోది సస్పెన్స్. పోస్టర్ల మీద మాత్రం రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు లెండి.

హిచ్‌కాక్ దాకా ఎందుకు? ఈ కిటుకు ఒగ్గు కథ చెప్పేవాళ్లకు ఏనాడో తెలుసు. సిరిసిల్ల జిల్లా హన్మాజీపేట అనగానే అందరికీ సి.నారాయణరెడ్డి గుర్తొస్తారు. పేరుమోసిన ఒగ్గు కథకుడు మిద్దె రాములుదీ ఆ ఊరే. మల్లన్న కథ, ఎల్లమ్మ కథ... విననివాళ్లుండరు. చివరికి ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా డోలు దెబ్బ ఆగి, కథకుడు గొంతు తగ్గించగానే కూర్చున్నవాళ్లు ముందుకు వంగుతారు. ముగింపు తెలిసిన కథ అయినా తెల్లవార్లూ కదలనివ్వదు. ముగింపు తెలుసా లేదా అన్నది కాదు, ఆ కథలోని మనిషి మీద మనకు పాశం ఉందా లేదా అన్నదే లెక్క.

వేలాడేది... పెండింగులో పడేది

సస్పెన్స్ అనే ఇంగ్లిషు మాటకు లాటిన్ మూలం ‘సస్పెండెరె’. వేలాడదీయడం అని అర్థం. ఉద్యోగిని సస్పెండ్ చేసినా, సస్పెన్షన్ బ్రిడ్జి కట్టినా పుట్టిల్లు అదే. ఆఫీసుల్లో మనల్ని కాళ్లరిగేలా తిప్పే ‘పెండింగ్’ అన్న మాటకూ అదే మూలం. ఇంగ్లిషులో కూడా ఈ మాట మొదట కథల్లో పుట్టలేదు. తీర్పు రాక, తేలక వేలాడే వ్యవహారాలకు వాడేవారు. థ్రిల్లర్లు ఆ తర్వాత ఎప్పుడో వచ్చాయి.

ఇంటర్‌లో కామర్స్ చదివినవాళ్లకు మరో సస్పెన్స్ గుర్తుండే ఉంటుంది. అంకణాలో డెబిట్టు, క్రెడిట్టు కలవకపోతే ఆ తేడాను తాత్కాలికంగా వేసే పద్దు సస్పెన్స్ అకౌంటు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దాని పేరు ‘అనామతు ఖాతా’. తప్పు ఎక్కడుందో దొరికేదాకా ఆ మొత్తం అక్కడే ఉంటుంది. ఎవరి పేరునా పడదు. పరీక్షకు ముందురోజు రాత్రి ఆ ఖాతా పుట్టించే భయం ముందు ఏ దెయ్యం సినిమా అయినా దిగదుడుపే!

కోరుట్ల వైపు చెరుకు రైతులను అడిగితే ఈ ఖాతా సంగతి ఇంకా బాగా చెబుతారు. ఆ నియోజకవర్గంలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. తెరుస్తారా, తెరవరా? ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ మాట లేచింది. ఆ తర్వాత పడింది. ఈలోగా కోసిన చెరుకు ఆగదు కదా! లారీల కెక్కించి దూరపు ఫ్యాక్టరీలకు తోలారు. విసిగినవాళ్లు పంటే మార్చేశారు. సస్పెన్స్ మరీ సాగితే పెండింగ్ అయిపోతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి!

మెడ ఎత్తితే ఉత్కంఠ

ఇక మన మాట. సస్పెన్స్‌కు తెలుగు పత్రికలు ఇచ్చిన సాటి ‘ఉత్కంఠ’. ఉత్ అంటే పైకి, కంఠం అంటే మెడ. మెడ ఎత్తి చూడటం! ఇంగ్లిషు మాటలో వస్తువు వేలాడుతుంటే మన మాటలో మనిషి ఎదురుచూస్తున్నాడు. బస్టాండులో, విమానాశ్రయంలో, లెక్కింపు కేంద్రం గేటు దగ్గర మునివేళ్ల మీద నిలబడి మెడ సాచే మనిషి.

పాత కావ్యాల్లో ఈ మాటకు హత్యలతో, ఎన్నికలతో సంబంధమే లేదు. ఇష్టమైనవాళ్ల కోసం పడే తపన ఉత్కంఠ. భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిదిమంది నాయికల్లో ఒకామె విరహోత్కంఠిత. వస్తానన్న మనిషి రాక, ఎందుకు రాలేదో తెలియక తల్లడిల్లే స్త్రీ. కాళిదాసు ‘అభిజ్ఞాన శాకుంతలం’ నాలుగో అంకంలో శకుంతల అత్తింటికి బయల్దేరుతుంటే కణ్వుడి గుండెను కమ్మినదీ ఉత్కంఠే. అన్నీ వదిలేసిన మునికి కూడా తప్పలేదు. అలాంటి మాటను తీసుకొచ్చి ‘నరాలు తెగే ఉత్కంఠ’ అంటూ క్రికెట్ మ్యాచ్‌కు తగిలించాం. తప్పని కాదు. మాటలు ఎక్కడ పుట్టినా ఎక్కడో కాపురం చేస్తాయి.

అయితే ఈ మూడు ఊళ్లలో మామూలు జనం నోట సస్పెన్సూ వినపడదు, ఉత్కంఠా వినపడదు. భయం కలిస్తే ‘బుగులు’. దిగులు కలిస్తే ‘రంది’. ‘ఏమైతదో ఏమో’ అంటారు పెద్దవాళ్లు. ‘రంది వెట్టుకోకు బిడ్డా’ అంటారు ఇంకో పక్కన కూర్చున్నవాళ్లు. ఆ రెండు వాక్యాల మధ్య ఉన్నదంతా సస్పెన్సే.

సిరిసిల్ల అలాంటి రోజులు చాలానే చూసింది. 2009లో ఇక్కడ శాసనసభకు పోటీ చేసిన కె.తారకరామారావు 171 ఓట్ల తేడాతో గట్టెక్కారు. 2016 ఆగస్టులో కొత్త జిల్లాల ముసాయిదా వస్తే అందులో సిరిసిల్ల పేరు లేదు. 27 జిల్లాల జాబితా అది. ఊరు ఊరంతా రోడ్డెక్కింది. అక్టోబరులో తుది జాబితా 31కి పెరిగాక గానీ రాజన్న సిరిసిల్ల జిల్లా రాలేదు. నేతకార్మికుల సస్పెన్స్ మాత్రం ఏటా కొత్తగా మొదలవుతుంది. ఇక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు ఆ సాంచాలను నడిపించింది. 2024 జనవరిలో ఆర్డర్లు లేక ఉత్పత్తి ఆపేశారు. మగ్గాల చప్పుడు లేకపోతే ఈ ఊళ్లో నిద్ర పట్టదు, చెవులు గింగురుమంటాయి. ఆ ఏడు బతుకమ్మకు సర్కారు చీరలు పంచలేదు. 2025లో మహిళా సంఘాల చీరల నేత అందుకుంది. ఆర్డరు వచ్చేదాకా కార్మికుడు చూసేది గడియారం కాదు, కిరాణా కొట్టు ఖాతా పుస్తకం.

ఫోన్ మోగేదాకా...

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. పాత కరీంనగర్ జిల్లా బతుకును మూడు మాటల్లో చెప్పేస్తారు ఇక్కడివాళ్లు. సిరిసిల్ల నేతన్నలు భివండీ వెళ్లారు. జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి దుబాయి, మస్కట్, సౌదీ వెళ్లనివాళ్లున్న వాడ దొరకడం కష్టం. అలా వెళ్లినవాళ్ల ఇళ్లలో ఎదురుచూపు తీరు కాలంతో పాటు మారింది. ఒకప్పుడు ఉత్తరాలు. చదవడం రానివాళ్లకు మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు. ఆ తర్వాత పక్కింటివాళ్ల పీపీ నంబరు. ‘శుక్రవారం పొద్దున చేస్తడు’ అంటే తెల్లారగట్లే తలంటి, పిల్లల్ని తయారుచేసి పక్కింటి అరుగు మీద కూర్చునేవారు. లైను కలవకపోతే మళ్లీ శుక్రవారం దాకా అంతే. తర్వాత మిస్డ్ కాల్ వచ్చింది. ఒక్కసారి మోగి ఆగితే ‘బాగున్నా’ అని అర్థం. ఇప్పుడు ఐఎంఓలో మొహం కనిపిస్తుంది. సస్పెన్స్ పోయిందా అంటే పోలేదు. రోజూ ఆరింటికి వచ్చే కాల్ ఏడైనా రాకపోతే పొయ్యి మీది కూర మాడుతుంది.

ఈ ప్రాంతం మరచిపోలేని ఎదురుచూపు ఒకటుంది. సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయి వెళ్లిన ఐదుగురు కూలీలు ఓ నేపాలీ కాపలాదారు మృతి కేసులో జైలుపాలయ్యారు. శిక్ష పడింది. అక్కడి చట్టంలో చనిపోయినవారి కుటుంబం పరిహారం తీసుకుని క్షమిస్తే శిక్ష తగ్గే వీలుంది. 2011లో తారకరామారావు నేపాల్ వెళ్లి ఆ కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందజేశారు. క్షమాపత్రం చేతికొచ్చింది. ఇంకేముంది, వచ్చేస్తారు అనుకున్నారు ఊళ్లలో. రాలేదు! క్షమించడం కుటుంబం వంతు, విడుదల చేయడం అక్కడి ప్రభుత్వం వంతు. మధ్యలో కాగితాలు, అర్జీలు, విన్నపాలు.

ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లకు దాచిపెట్టింది ఏమీ లేదు. కేసు ఏమిటో తెలుసు. శిక్ష ఎంతో తెలుసు. డబ్బు కట్టిందీ తెలుసు. హిచ్‌కాక్ చెప్పిన బల్ల, బాంబు, గడియారం అన్నీ కళ్లముందే ఉన్నాయి. సినిమాలో అది పదిహేను నిమిషాలు. వీళ్లకు పదిహేనేళ్లు దాటింది. పైగా తెరమీది మనిషికి ఏమైనా దీపాలు వెలిగాక మనం ఇంటికి పోతాం. ఇక్కడ ఇంట్లోనే ఉంది సస్పెన్స్. పండగకు ఎన్ని జతల బట్టలు కొనాలి, పెళ్లి పత్రికలో పేరు ఎలా వేయాలి, అప్పు ఇచ్చినవాడికి ఏ నెల చెప్పాలి... ప్రతి చిన్న పనీ ఆ ఒక్క జవాబు మీదే వేలాడింది.

2024 ఫిబ్రవరిలో వాళ్లు ఇళ్లకు చేరారు. 18 ఏళ్ల జైలు తర్వాత! శంషాబాద్ విమానాశ్రయంలో కన్నవాళ్లను, కట్టుకున్నవాళ్లను పట్టుకుని ఏడ్చిన దృశ్యాలు టీవీల్లో అందరూ చూశారు. పద్దెనిమిదేళ్లంటే చంకలో ఉన్న బిడ్డకు పెళ్లీడు వచ్చే కాలం. శంషాబాద్ విమానాశ్రయం మొదలైందే 2008లో. వాళ్లు వెళ్లే నాటికి అది లేనేలేదు.

కోరుట్ల బస్టాండులో రాత్రిపూట ఇప్పటికీ పెట్టెకు తాడు బిగించుకుని వచ్చేవాళ్లు కనిపిస్తారు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో పేరు, పాస్‌పోర్టు నంబరు. సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వస్తారు. ‘చేరంగనే ఫోన్ చెయ్యి కొడుకా’ అంటుంది తల్లి. బస్సు కదిలాక కూడా వాళ్లు వెంటనే ఇంటిదారి పట్టరు. మలుపు తిరిగి ఎర్రలైట్లు కనిపించకుండా పోయేదాకా అక్కడే నిలబడి చూస్తారు.